నట్టుకు పెట్టిన బొట్టు

ఆగస్టు 19, 2016, శుక్రవారం. రువైస్

దొర ఈరోజు కూడా కూర్చునే ఉన్నాడు. ముందు కుడిపక్క నేలకు దిగిపోయి, చక్రం మీది రేకు టైరుకు ఆనుకుంది. మిగతా మూడు మూలలూ మాత్రం దర్జాగా నిలబడి ఉన్నాయి.

దొర అని పేరు పెట్టింది నేనే. 2009లో ఈ గల్ఫ్‌లో ఉద్యోగాలు ఊడి తెల్లవాళ్ళు ఉన్నపళాన వెళ్ళిపోతున్న రోజుల్లో, ఒక ఇంగ్లీషాయన దగ్గర మా ఆయన మూర్తిగారు కొన్న నల్లటి జర్మన్ కారు. తోలు సీట్లు, లోపలంతా నున్నటి చెక్క తాపడం, ఇనప స్ప్రింగులకు బదులు నాలుగు రబ్బరు గాలి తిత్తుల మీద నడక. సిగరెట్టు లేదు, పేకాట లేదు, మంచి వాచీ కూడా లేదు. ఈయన జీవితంలో ఉన్న సోకు ఇదొక్కటే. కొన్నప్పటికే పాతది, ఇప్పుడు బొత్తిగా ముసలిది.

జూలైలో ఈయనకు పక్షవాతం వచ్చాక దాన్ని ఎవరూ కదపలేదు. మాట తిరిగి వచ్చింది. కాలు వచ్చింది, కాస్త ఈడుస్తారంతే. కుడిచెయ్యి మాత్రం రాలేదు. చెంచా పట్టలేరు, బొత్తాం పెట్టుకోలేరు. చేతికి విడిగా థెరపీ చేయించాలనీ, అది అబుధాబీ వెళ్ళి చేయించాలనీ, మొదటి ఆరు నెలలే ముఖ్యమనీ డాక్టరు ఈయనకూ చెప్పింది, నాకూ చెప్పింది. అక్కడ తల ఊపారు. ఇంటికొచ్చాక రానన్నారు. పక్కింటి సర్వర్ బేగం వాళ్ళాయన తన కారులో తీసుకెళ్తానంటే వద్దన్నారు. కంపెనీ వ్యాను వద్దన్నారు. టాక్సీ వద్దన్నారు. ఇవాళ కాఫీ దగ్గర నేను కాస్త గట్టిగానే అడిగాను.

"రాననట్లేదు శ్యామలా. మన కారులో అయితే వస్తాను. ఇంకొకళ్ళ బండిలో పేషెంటులా ఒరిగి కూర్చుని ఆ రోడ్డు మీద పోను."

"మన కారు కుంటిదై కూర్చుంది కదండీ."

"అయితే లేచాకే వెళ్దాం. లేవకపోతే దాన్ని అమ్మేసి మనం కాకినాడ పోదాం."

"లేస్తే వస్తారా? మాట మీద ఉంటారా?"

"ఉంటాను" అన్నారు, టీవీ మీంచి కళ్ళు తీయకుండా.

తారీఖు వేసి మరీ ఇక్కడ రాసుకుంటున్నాను. రేపు నాకే అనుమానం వస్తే చూసుకోవడానికి.

ఆగస్టు 21

గ్యారేజీ అతను వచ్చి చూశాడు. వంగి కూడా చూడలేదు. "మేడమ్, ఇది గాలి మీద నడిచే కారు. మేం ముట్టుకోం. సలాం కొట్టి సాగనంపండి" అని నవ్వుతూ హిందీలో చెప్పి వెళ్ళిపోయాడు.

సలాం నేను కొట్టను.

ఆగస్టు 22

నేనే చేస్తాను.

ఇది రాసి ఒకసారి చదువుకున్నాను. నవ్వు రాలేదు, అదొక మంచి గుర్తు. పెళ్ళికి ముందు కాకినాడలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెప్పినదాన్ని. తిత్తిలో ఒత్తిడి తగ్గితే కారు దిగుతుంది. ఒత్తిడి తగ్గిందంటే గాలి ఎక్కడో పోతోంది. ఎక్కడ పోతోందో కనిపెట్టి ఆపాలి. ఇంతే కదా. ఇంతోటి దానికి దొరకు సలాం దేనికి?

మధ్యాహ్నమంతా వీడియోలు చూశాను. ఉన్నవాటిలో బాగా చూపించేవాడు రష్యన్‌వాడు. వాడి మాట ఒక్కటి అర్థం కాలేదు. చేతులు మాత్రం శుభ్రంగా అర్థమయ్యాయి.

మా అమ్మాయి అలేఖ్యకు ఫోన్ చేశాను. అది దుబాయ్‌లో, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఆ గోడౌను, ఈ కంటైనరు అంటూ రోజంతా అరుస్తూ ఉంటుంది కాబట్టి గొంతు ఎప్పుడూ పెద్దదే.

"అమ్మా, నీకు మతి ఉందా? మిక్సీ జారు మూత ఇరుక్కుంటేనే నాన్నని పిలుస్తావు నువ్వు."

"ఇప్పుడు నాన్న మూత తీయలేరు కదమ్మా" అన్నాను. దాని గొంతు తగ్గింది. తర్వాత, ఏం కావాలో చెప్పు, తెస్తా అంది.

ఆగస్టు 26, శుక్రవారం

తెల్లవారుతూనే మొదలుపెట్టాను. ఎండెక్కితే ఈ ఊళ్ళో పాన కూడా చేతికి అంటుకుని కాలుతుంది. ఇంటి పక్క రేకుల షెడ్డులో జాకీ వేసి, చక్రం విప్పి, ఇంజను వేసి తిత్తిలోకి గాలి ఎక్కించాను. తర్వాత నా సొంత వైద్యం. రాత్రి నానబెట్టిన కుంకుడుకాయలు పిసికి, నురుగు తీసి, తిత్తి చుట్టూ పట్టించాను. వీడియోలో వాడు సబ్బునీళ్ళు వాడాడు. నా నురుగు ముందు వాడి నురుగు ఎందుకూ పనికిరాదు.

సర్వర్ బేగం గోడ మీంచి తొంగి చూసింది.

"అరె శ్యామలమ్మా, ఏం జేస్తున్నవ్? కారుకు తలస్నానం జేపిస్తున్నవా?"

"అవును బేగం. పేలు చూస్తున్నాను."

"యా అల్లా! మూర్తి భాయ్‌కి అయ్యింది చాల్లేదా, నీకు గూడ ఏమన్న అయితదా ఏంది" అంటూనే గేటు తీసుకుని వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడకు పని రాదు, కబురు వస్తుంది. నాకు అదీ కావాలి.

దొరికింది. రబ్బరు మడతలో సన్నటి పగులు, అక్కడ నురుగు గుడ్లు గుడ్లుగా పొంగుతోంది. నేను కేకేశాను. ఈయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

తిత్తి తల మీద, బానెట్టు ఎత్తితే కనబడేచోట, ఒక చిన్న వాల్వు ఉంది. సన్నటి గాలి గొట్టాన్ని ఒక ఇత్తడి నట్టు దానికి బిగించి పట్టుకుంటుంది. పాత తిత్తి తీయాలంటే ముందు ఆ నట్టు విప్పాలి. స్పానరు వేసి తిప్పాను. నట్టుతోపాటు వాల్వు కూడా తిరిగి గొట్టం మెలిపడింది.

"రెండు స్పానర్లు" అన్నారు ఈయన గుమ్మంలోంచి. "ఒకదానితో వాల్వుని కదలకుండా పట్టుకోవాలి. రెండోదానితో నట్టు తిప్పాలి. రెండు చేతుల పని అది. ఒంటిచేత్తో అవదు."

జూలై తర్వాత ఈయన నోటివెంట పని గురించి వచ్చిన మొదటి మాట ఇది. రిఫైనరీలో ఇన్నేళ్ళు ఎవరెవరికి ఇలా చెప్పి ఉంటారో. చెప్పేసి, ఒంటిచేత్తో అన్న మాట తనకే తగిలినట్టుంది, లోపలికి వెళ్ళిపోయారు.

ఆగస్టు 28

అబుధాబీలో అపాయింట్‌మెంటు ఈరోజే. వెళ్ళలేదు. సెప్టెంబర్ 25కి మార్పించాను.

సెప్టెంబర్ 4

షార్జాలో పాత కార్ల విడిభాగాలు అమ్మే అమీర్ జాన్‌తో ఫోనులో మాట్లాడాను. పఠాన్ మనిషి. ముందు "సాబ్‌కి ఫోన్ ఇవ్వండి" అన్నాడు. సాబ్ నేనే అన్నాను. కొత్త తిత్తి కావాలా, పాత కారు కోసి తీసినది కావాలా అని అడిగాడు. పాతది ఇప్పటికే ఒకటి నా ఇంట్లో ఉంది, కొత్తదే ఇవ్వమన్నాను. పడీపడీ నవ్వాడు. ఈద్ పండక్కి ముందు అలేఖ్య వెళ్ళి తెస్తుంది.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. దొర సంగతి అలా లేదు, బతికితేనే ఖర్చు.

సెప్టెంబర్ 7

పొద్దున చొక్కా బొత్తాలు పెడుతుంటే ఈయన గోడకేసి చూస్తారు. రోజూ గోడకేసే. నేను రోజూ ఏదో ఒకటి వాగుతాను. ఇవాళ వాగడానికి ఏమీ దొరకలేదు.

సెప్టెంబర్ 12, ఈద్

చేశాను. చేశాం. అలేఖ్య, నేను.

వేళ్ళు వంగటం లేదు, అయినా రాయకుండా పడుకోను. పొద్దున చల్లగా ఉండగా మొదలుపెట్టాం. కారు కింద జాకీ, దాని పక్కన ఇనప స్టాండు, అది జారితే ఉండాలని విప్పిన చక్రం కూడా కిందికి తోశాం. ఆ చక్రం సంగతి చెప్పింది ఈయనే. ఈసారి గుమ్మంలోంచి కాదు, షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కింద ఒక బోల్టు ఉంది. పదహారేళ్ళ తుప్పు. దానితో నాకూ అలేఖ్యకూ పెద్ద గొడవే అయింది. నూనె పోశాం, కొట్టాం, తిట్టాం. చివరికి పాన పిడికి గొట్టం తొడిగి ఇద్దరం వేలాడితే కీచుమని అరిచి ఊడింది. అలేఖ్య వెల్లకిలా పడింది. ఈయన నవ్వారు. నేను చూశాను, నవ్వారు. మూతి కుడివైపు కూడా కదిలింది.

తిత్తి ఒక్కొక్కటీ చంటిపిల్లాడంత బరువు. పాతది దించి కొత్తది ఎక్కించేసరికి నా మోచెయ్యి గీరుకుపోయింది. పైన ఇత్తడి నట్టు మాత్రం నేనే బిగించాను, రెండు స్పానర్లతో, చెప్పినట్టే. సర్వర్ బేగం పండగ బిర్యానీ పెద్ద గిన్నెడు పంపింది. నా కోసం విడిగా కూరగాయలతో చేసినది. గ్రీజు చేతులతోనే తిన్నాం.

ఇంజను వేశాను. లోపల గాలి మోటారు గుర్రుమంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత దొర కుడిభుజం మెల్లగా లేచింది. ఎవరో లేపి కూర్చోబెడుతున్నంత మెల్లగా. నాకు ఏడుపొచ్చింది, చెమటలో కలిసిపోయింది, ఎవరికీ తెలియలేదు.

"ఎలా ఉందండీ?"

"ఊఁ" అన్నారు ఈయన. ఆయన భాషలో అది ఫస్ట్ క్లాసు.

సెప్టెంబర్ 13

నిలబడే ఉన్నాడు.

సెప్టెంబర్ 15

నిలబడే ఉన్నాడు! సర్వర్ బేగాన్ని ఎక్కించుకుని సూపర్‌మార్కెట్ దాకా వెళ్ళొచ్చాను. ఈయన్ని రమ్మన్నాను. "అపాయింట్‌మెంటు రోజే ఎక్కుతా" అన్నారు.

మంచి మార్పు ఒకటి రాసుకోవాలి. పొద్దున నేను స్నానం, పూజ చేసుకునే వేళ ఈయన తనంతట తాను కారు దగ్గరికి వెళ్తున్నారు. బానెట్టు ఎత్తి చూసుకుంటున్నారట, సర్వర్ బేగం చెప్పింది. మనిషికి ఏదో ఒక దాని మీద మనసు మళ్ళడమే కావాలి.

సెప్టెంబర్ 18

కూర్చున్నాడు.

కుంకుడు నురుగు పట్టించాను. తిత్తి శుభ్రంగా ఉంది. పైన ఇత్తడి నట్టు దగ్గర బుడగలు. నట్టు వదులైంది. బిగించాను.

సెప్టెంబర్ 21

మళ్ళీ. అదే నట్టు. "నీ చేతిలో బలం చాలట్లేదు శ్యామలా" అన్నారు ఈయన. నిజమే అయ్యుంటుంది. ఈసారి పళ్ళు బిగించి మరీ బిగించాను.

సెప్టెంబర్ 24

మళ్ళీ. రేపే అపాయింట్‌మెంటు. పొద్దున బిగించి, సాయంత్రం దాకా చూశాను, నిలబడ్డాడు. రేపు వెళ్తున్నాం.

సెప్టెంబర్ 25

పొద్దున పూజ ముగించి వచ్చి చూస్తే టైరు రేకుకు ఆని ఉంది. నేను ఇంకో బండి మాట్లాడతానన్నాను. "అనుకున్న మాట ఏమిటి?" అన్నారు ఈయన. చొక్కా వేసుకుని, తయారై, పాపం కూర్చునే ఉన్నారు. నాదే లోపం. అక్టోబర్ 16కి మార్చారు.

మార్చేటప్పుడు ఫోనులో ఆ అమ్మాయి, "మేడమ్, ఇంక ఆలస్యం చేయకండి" అంది. నాకు తెలుసమ్మా అన్నాను. గొంతు పెంచాననుకుంటాను.

సెప్టెంబర్ 29

నట్టు మార్చేశాను. అమీర్ జాన్ కొత్తది పంపాడు. గొట్టం కొస కూడా కోసి కొత్తగా అమర్చాను. ఇక వదులవడానికి వీల్లేదు.

అక్టోబర్ 1

వదులైంది.

నిండా మునిగాక చలేమిటి. మళ్ళీ బిగించాను.

అక్టోబర్ 4

"దిష్టి తగిలింది శ్యామలమ్మా" అంది సర్వర్ బేగం. "ఇంత పెద్ద నల్ల కారు, ఒక్క ఆడమనిషి బాగు జేసుకున్నదంటే ఊరంత కండ్లు దాని మీదనే ఉంటయి గద."

ఫిజిక్సులో దిష్టి లేదు. అయినా నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టాను.

రోజూ పొద్దున పదే పదే అదే పని. కుంకుడు నురుగు, రెండు స్పానర్లు, బిగింపు. నా అరచేతిలో కాయ కాసింది. ఈయన కుర్చీలో కూర్చుని చూస్తుంటారు. అమ్మేద్దామని మాత్రం ఇప్పుడు అనడం లేదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, మొండిదాని సంగతి ఎవరూ చెప్పలేదు. పదహారున ఈయన్ని ఆ కారులోనే తీసుకెళ్తాను. దారిలో కూర్చుండిపోతే అక్కడే జాకీ వేస్తాను.

అక్టోబర్ 11, విజయదశమి

పొద్దున ఈయన స్నానానికి వెళ్ళగానే షెడ్డులోకి వచ్చి నట్టు బిగించాను. తర్వాత పీట మీద నా ఆయుధాలన్నీ వరసగా పెట్టాను. రెండు స్పానర్లు, పాన, జాకీ, కుంకుడుకాయల గిన్నె. ప్రతి దసరాకీ ఈయన రిఫైనరీ నుంచి తెచ్చుకున్న పాత మీటరొకటి పూజలో పెడితే బొట్టు పెట్టేదాన్ని. ఈ ఏడాది నా సామాను కూడా ఉంది. కుంకుమను కొబ్బరినూనెలో చిక్కగా కలిపి అన్నిటికీ పెట్టాను. స్టీరింగుకు పెట్టాను. నాలుగు చక్రాలకూ పెట్టాను. కుంకుమ మిగిలింది. బానెట్టు ఎత్తి ఉంది కదా అని, నన్ను ఇంత ఏడిపించిన ఆ ఇత్తడి నట్టుకు కూడా పెట్టాను, వాల్వూ నట్టూ కలిసేచోట, ఇంత పెద్ద బొట్టు. "తల్లీ, ఇక కదలకు" అని దణ్ణం పెట్టి బానెట్టు మూసేశాను.

ఈయన వచ్చాక కారు చక్రాలతో నిమ్మకాయలు తొక్కించాను. పులిహోర చేశాను. సర్వర్ బేగం రెండు మార్లు వేయించుకుంది.

అక్టోబర్ 12

కూర్చున్నాడు.

పూజ అయ్యాక గిన్నె పట్టుకుని వెళ్ళి బానెట్టు ఎత్తాను. నురుగు పట్టించే పని లేకపోయింది. నిన్నటి బొట్టు రెండు ముక్కలైంది. సగం వాల్వు మీద ఉన్నచోటే ఉంది. మిగతా సగం నట్టుతోపాటు అటు పక్కకు తిరిగి, అలికినట్టు చెదిరిపోయింది. నట్టు మీద వేలిముద్రలు కూడా ఉన్నాయి. కుదుపులకు వదులయ్యే నట్టుకు వేలిముద్రలు ఉండవు.

మొదట వీధిలో పిల్లలనుకున్నాను. మూసి ఉన్న బానెట్టు వాళ్ళెలా ఎత్తుతారు? లోపలికి వచ్చాను. ఈయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఎడమచేతికి నల్లటి గ్రీజు మరక. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. దాని బొటనవేలు, చూపుడువేలు ఎర్రగా ఉన్నాయి. గోళ్ళలో కుంకుమ.

నేను వంటింట్లోకి వెళ్ళి ఉప్మాకు ఉల్లిపాయలు తరిగాను. తరుగుతూ తరుగుతూ ఆగాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అమ్మవారు బొట్టు పెట్టించి పట్టించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నెల రోజులు! నా చేతిలో బలం చాలదట! అపాయింట్‌మెంటు రోజున చొక్కా వేసుకుని కూర్చున్నారు పెద్దమనిషిలాగ!

అప్పుడు కత్తి కింద పెట్టేశాను. ఒంటిచేత్తో అవదని ఆయనే చెప్పారు. ఒక చెయ్యి వాల్వును పట్టుకోవాలి, రెండోది నట్టును తిప్పాలి. ఎడమచేతికి గ్రీజు. కుడిచేతికి కుంకుమ.

ఉల్లిపాయల మీద నెపం పెట్టి గట్టిగా ఏడ్చాను.

అక్టోబర్ 12, సాయంత్రం

ఉప్మా ప్లేటు పక్కన రెండు స్పానర్లు పెట్టాను. చెంచా పెట్టలేదు. ఈయన స్పానర్ల వంక చూశారు, తర్వాత తన వేళ్ళ వంక చూసుకున్నారు. దాచబోయి, మానేశారు.

"ఎప్పటి నుంచండీ?"

"ఈద్ అయిన మూడో రోజు నుంచి."

"ఎందుకు?"

ప్లేటు పక్కకు జరిపారు. నేను కదల్లేదు.

"అక్కడికెళ్తే రాసేస్తారు శ్యామలా. ఈ చెయ్యి ఇంతే, ఇక రాదు అని రాసి చేతిలో పెడతారు. ఆ ముక్క కంపెనీకీ పోతుంది. ఇంట్లో ఉన్నంతసేపూ ఇంకా తెలీదు కదా. వస్తుందేమో అనుకోవచ్చు."

"అందుకని నన్ను కారు కింద పడుకోబెట్టారా?"

"నువ్వు చెయ్యలేవనుకున్నా. మన కారులో అయితే అన్నది అందుకే. నువ్వు లేపేశావు. ఇక ఏం చెయ్యను? మొదటిరోజు ఎడంచేత్తో ఒక్క స్పానరే వేసి తిప్పబోయా. వాల్వు కూడా తిరుగుతోంది. గొట్టం విరిగితే నువ్వు పాపం మళ్ళీ తెప్పించుకోవాలి కదా అనిపించింది."

చెడగొట్టడంలో కూడా ఇంజనీరు! నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

"అంతలో ఇది లేచింది" అని కుడిచెయ్యి వంక చూశారు, ఎవరిదో చూసినట్టు. "దానంతటది లేచి రెండో స్పానరు పట్టుకుంది. జారిపోయింది, మళ్ళీ పట్టుకుంది. నాకే భయమేసింది."

"మరి చెప్పొచ్చు కదండీ! అంత సంగతి నాకు చెప్పకుండా ఎలా ఉన్నారు?"

"చెప్పాక మర్నాడు పట్టకపోతే? అందుకని మర్నాడు వెళ్ళి మళ్ళీ చూసుకున్నా. పట్టింది. ఇక రోజూ అదే పని. ఇవాళ కూడా పడుతుందా లేదా అని. తర్వాత తర్వాత కారు ఆపడానికి కాదే, అది చూసుకోవడానికే వెళ్ళేవాణ్ణి. నువ్వు ఎంత గట్టిగా బిగిస్తే దానికి అంత పని."

నెల రోజులుగా నేను బిగిస్తున్నాను, ఆయన విప్పుతున్నారు. పళ్ళు బిగించి నేను పెంచిన బలమంతా ఆ చేతిలోకే వెళ్ళిందన్నమాట. కోపం ఇంకా ఉంది, లేదని రాయను. కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

"లేవండి. విప్పింది మీరు కాబట్టి బిగించేది కూడా మీరే."

షెడ్డులోకి వచ్చారు. ఎడమచేత్తో వాల్వు పట్టారు. కుడిచేత్తో నట్టు మీద స్పానరు వేశారు. స్పానరు కిందపడింది. నేను అందుకోబోయి, నా రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను. ఆయనే వంగి తీసుకున్నారు. మళ్ళీ పడింది, మళ్ళీ తీసుకున్నారు. చొక్కా తడిసిపోయింది. గోడ మీద సర్వర్ బేగం తల కనిపించింది. నోరు తెరవబోయి మూసుకుంది, ఆవిడ జీవితంలో ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

నట్టు బిగిసింది. నేను కుంకుడు నురుగు వేశాను. ఒక్క బుడగ రాలేదు.

అక్టోబర్ 16, ఆదివారం. అబుధాబీ నుంచి వచ్చాక

దొర ఎక్కడా కూర్చోలేదు.

చీకటితోనే బయలుదేరాం. అంత దూరం నేను నడపడం ఇదే మొదలు. లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా ఈయన లేని బ్రేకు తొక్కారు. "ఎడమకు రాకు, అది స్పీడు వాళ్ళ దారి. లైటు వేసి అడుగుతున్నాడు చూడు, దారియ్యి" అంటూ దారంతా సాధించారు. జూలైకి ముందు నేను ఇంతే సాధించేదాన్ని. ఒకచోట ఆగి టీ తాగాం. కప్పు రెండు చేతులతో పట్టుకున్నారు.

లిఫ్టు దగ్గర మాత్రం ఆగిపోయారు. "వెనక్కి పోదామా?" అన్నారు చిన్నగా. "పోదాం, రాయించుకున్నాక" అన్నాను. చెయ్యి పట్టుకోలేదు. నడిచారు.

థెరపీ చేసే ఆవిడ మలయాళీ. వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసింది, పిండమంది, చిటికె పట్టమంది. తర్వాత అలమారలోంచి ఒక చెక్క పలక తెచ్చి ఈయన ముందు పెట్టింది. దాని నిండా రకరకాల బోల్టులు, వాటికి నట్లు.

"వీటిని విప్పి బిగించాలి. ఇంట్లో ఇలాంటివి ఏమైనా చేయించారా?" అని నన్ను అడిగింది.

"కారు రిపేరు" అన్నాను.

"ఆయనా?"

"రిపేరు తను చేసింది" అన్నారు ఈయన. "నేను పాడుచేశాను." అంటూనే కుడిచేత్తో మొదటి నట్టు విప్పి బల్ల మీద పెట్టారు.

ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. మేమిద్దరం మాత్రం సిగ్గు లేకుండా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఆవిడ కాగితం మీద రాసింది. ఈయన భయపడ్డ రాత అదే. నేను మెడ చాచి చదివేశాను. పట్టు వస్తోందని, వారం వారం రావాలని ఉంది. ఆలస్యంగా వచ్చారని కూడా రాసింది. అది మాత్రం నిజమే.

వారం వారం. దొర ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి మరి. ఎడమపక్క తిత్తి కూడా పగిలేలాగే ఉంది. అమీర్ జాన్‌కు ఫోన్ చేయాలి.

అక్టోబర్ 17

పొద్దున లేవగానే షెడ్డులోకి వెళ్ళాను. నిలబడే ఉన్నాడు.

లోపలికి వచ్చేసరికి ఈయన చొక్కా తొడుక్కుని కాఫీ కోసం కూర్చుని ఉన్నారు. గోడకేసి కాదు, నాకేసి చూస్తున్నారు. బొత్తాలు అన్నీ పెట్టి ఉన్నాయి. ఒక కాజా తప్పి మొదలుపెట్టడంతో ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి దిగి, చొక్కా ఓ పక్కకు కూర్చుంది.

నేను సరిచేయలేదు. కాఫీ తెచ్చి ఇచ్చాను.